రౌండుకు పోయొచ్చినవా?

పరకాల దాటి భూపాలపల్లి రోడ్డెక్కిన బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చెల్పూరు కంటే ముందు అక్కడి పొగగొట్టమే కనబడుతుంది. తర్వాత తెల్లటి ఆవిరి, ఆ తర్వాత బొగ్గు లారీలు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి పొర, ఆపైన ఊరు. గణపురం మండలంలోని ఈ ఊరి పేరు బయటివాళ్లకు తెలిసిందంటే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పుణ్యమే. 2010లో 500 మెగావాట్లతో మొదటి యూనిట్ నడిచింది. 2016 నాటికి 600 మెగావాట్లతో రెండోది తోడయింది. బొగ్గు పక్కనే ఉన్న భూపాలపల్లి సింగరేణి గనులది. ఓ దిక్కు కాకతీయుల నాటి గణపసముద్రం, కోటగుళ్లు. ఇంకో దిక్కు టర్బైన్ల హోరు. ఏడెనిమిది వందల ఏళ్ల ఎడంతో రెండు కాలాల ఇంజనీర్లు ఒకే మండలంలో పని చేశారన్నమాట.

మొన్నామధ్య ఆ రోడ్డు మీద ఓ చాయ్ హోటల్ ముందు మిత్రుడితో కలిసి ఆగాం. పొద్దు ఇంకా వేడెక్కలేదు. పక్క బెంచీ మీద రాత్రి షిఫ్టు దిగొచ్చిన ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన తల నెరిసినవాడు, రెండోవాడికి మీసాలు ఇంకా కుదురుకోలేదు. పెద్దాయన అడిగాడు: ‘‘రౌండుకు పోయొచ్చినవా?’’

‘‘పోయొచ్చిన సార్. అన్నీ తెర మీద ఉన్నట్టే ఉన్నయి.’’ కుర్రవాడు గ్లాసులో చాయ్ ఊదుకుంటూ కాసేపాగి, ‘‘ఉన్నట్టే ఉంటే ఇగ పోవుడెందుకు సార్?’’ అన్నాడు.

‘‘ఉన్నట్టే ఉన్నదని తెలుసుకునెటందుకే.’’

పెద్దాయన అంతకు మించి వివరించలేదు. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు. ఆ మాట మాత్రం బస్సులో మాతోపాటే వచ్చింది.

రౌండంటే ఏమిటో తెలియనివారికి కొంచెం చెప్పాలి. థర్మల్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. గోడ పొడవునా తెరలు. బాయిలర్‌లో మంట ఎంత, ఆవిరి వేడి ఎంత, ఏ పంపు తిరుగుతోంది, ఏ బేరింగు ఎంత కాగింది, అన్నీ అంకెలై ఆ తెరల మీదికి వస్తాయి. బాయిలర్ పైభాగంలో డ్రమ్ము ఉంటుంది. అందులో నీటిమట్టం ఇంతకు తగ్గకూడదు, ఇంతకు పెరగకూడదు. తగ్గితే మంటలో ఉన్న గొట్టాలు మాడిపోతాయి. పెరిగితే నీటి తుంపర ఆవిరితో కలిసి, నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగే టర్బైన్ రెక్కల మీదికి పోతుంది. డ్రమ్ములోని మట్టం, బయటికి పోయే ఆవిరి, లోపలికి వచ్చే నీరు, ఈ మూడింటినీ క్షణక్షణం చూసుకుంటూ యంత్రమే నీటిని సరిచేస్తుంది. మనిషి చేయి పెట్టాల్సిన పని మామూలు రోజుల్లో దాదాపు లేదు. అయినా షిఫ్టులో ఇన్నిసార్లని ఓ మనిషి లాగ్‌షీట్ పట్టుకుని బయటికి వెళ్తాడు. ఆ వేడిలో, ఆ దుమ్ములో, మెట్లెక్కి దిగి, పంపు దగ్గర నిలబడి మీటరు చూస్తాడు. పాత చేతులైతే స్క్రూడ్రైవర్ కొన బేరింగు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాయి. ఎక్కడో సన్నగా నూనె కారిన జాడ, నిన్న లేని చిన్న కంపం, కొంచెం తేడాగా ఓ వాసన. ఇవి తెర మీదికి రావడానికి ఇంకా కొన్ని గంటలో, రోజులో పడుతుంది.

తెలివైన యంత్రాల మీద ఆధారపడితే మనిషి ఆలోచన, చదువు బలహీనపడతాయా అన్న చర్చ ఇప్పుడు ఇంటింటా ఉంది. చాట్‌జీపీటీ వచ్చాక మరీ ఎక్కువైంది. పిల్లవాడు వ్యాసం రాయించుకుంటున్నాడని తల్లి బెంగ. ఆ తల్లి వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షలను ఎవరో పంపినవే తిరిగి పంపుతుంది, అది వేరే సంగతి. ఈ చర్చలో తరచూ వినపడేది బడి, ఫోను, సోమరితనం. మాకైతే ఈ ప్రశ్నకు జవాబు ముందుగా దొరకాల్సింది చెల్పూరు లాంటి చోటనే అనిపిస్తుంది. ఎందుకంటే యంత్రానికి పగ్గాలు అప్పగించి, దాని పక్కనే కూర్చుని బతకడం ఈ కంట్రోల్ రూములకు నిన్నా మొన్నటిది కాదు. అలా బతకడంలోని మెలకువలు వాళ్లు మనకంటే చాలా ముందు నేర్చుకున్నారు, కొన్ని దెబ్బలు తిని మరీ.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పిన లిసానె బెయిన్‌బ్రిడ్జ్ 1983లో ఓ చిన్న వ్యాసం రాశారు. ఆటోమేషన్‌లోని విడ్డూరాల గురించి. కర్మాగారాల కంట్రోల్ రూముల్లో పనిచేసేవాళ్లను దగ్గర్నుంచి చూసి రాసిందది. ఆమె చెప్పింది వింటే అరె, నిజమే కదా అనిపిస్తుంది. మనిషి పొరపాట్లు చేస్తాడని అతని చేతిలోంచి పని తీసుకుని యంత్రానికి ఇస్తారు. కానీ యంత్రానికి చేతకాని కష్టకాలం కోసం మళ్లీ ఆ మనిషినే పక్కన కూర్చోబెడతారు. రోజూ చేస్తుంటేనే చేతిలో ఉండే పని అది. ఇప్పుడు రోజూ చేయడం లేదు గనుక చేయి మొద్దుబారింది. మామూలు పని యంత్రం చేసేస్తుంది, మనిషి దాకా వచ్చేది అన్నిటికంటే కఠినమైన ఘడియ ఒక్కటే. అంటే మునుపటికంటే ఎక్కువ నేర్పు కావలసిన చోట మునుపటికంటే తక్కువ సాధన ఉన్న మనిషి. యంత్రం ఎంత నమ్మకమైనదైతే ఈ ఇరకాటం అంత పెద్దది. ఎప్పుడూ చెడని దాన్ని బాగుచేయడం ఎవరికి గుర్తుంటుంది?

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447. రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న విమానం. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు గడ్డకట్టింది, ఆటోపైలట్ తప్పుకుని విమానాన్ని మనుషులకు వదిలేసింది. ముక్కు కిందికి దించాల్సిన సమయంలో పైకి లాగారు. నాలుగున్నర నిమిషాల లోపే అంతా అయిపోయింది. 228 మంది. గొట్టాల్లోని మంచు నిమిషంలోపే కరిగి కొలతలు మళ్లీ సరిగ్గానే వచ్చాయట. అది చదివినప్పుడల్లా మనసు ఎలాగో అవుతుంది.

ఇంత భయంకరం కాకపోయినా, ఇంతకంటే మన ఒంటికి దగ్గరైనది ఇంకొకటి ఉంది. పెద్దపేగులో కెమెరా పెట్టి చూసేటప్పుడు కంతులను గుర్తించడానికి పోలండ్‌లోని కొన్ని ఆస్పత్రులు కృత్రిమ మేధ సాయం తెచ్చుకున్నాయి. అది వచ్చిన కొన్ని నెలలకు, దాని సాయం లేకుండా అవే చేతులు చేసిన పరీక్షల లెక్క తీశారు. మునుపు నూటికి 28 మందిలో కంతులు పట్టుకున్న డాక్టర్లు ఇప్పుడు 22 మందిలోనే పట్టుకోగలిగారు. కొత్తగా చేరిన వాళ్లేం కాదు, ఒక్కొక్కరూ రెండు వేలకు పైగా పరీక్షలు చేసినవాళ్లు. 2025 ఆగస్టులో లాన్సెట్ వారి పత్రికలో వచ్చిందిది. ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని డాక్టర్లందరి కళ్లూ మసకబారాయనడం తప్పు. కానీ ఎప్పుడో తర్వాత తరంలో రావాల్సిన మార్పు కొన్ని నెలల్లోనే, అదీ పండిన చేతుల్లో కనిపించడం కలవరపెట్టే సంగతే.

అయితే అన్నీ పారేసి కూర్చోవాలా? అక్కడే చాలామంది పెద్దలు తొందరపడతారు. మా కాలంలో ఎక్కాలు ఇరవై దాకా నోటికొచ్చేవని మొదలుపెడతారు. పోయిన ప్రతి విద్యకూ కన్నీరు కార్చనక్కర్లేదు. పత్రికల్లో చేతితో సీసం అక్షరాలు పేర్చిన రోజుల్లో కంపోజిటర్లు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చదివేవాళ్లు, తలకట్టూ వత్తూ సహా. అద్భుతమైన విద్య. పోయింది. దానితోపాటు సీసం ధూళి కూడా పోయింది. ఎవరూ ఏడవలేదు, ఏడవాల్సిన పనీ లేదు.

చెల్పూరులో పుట్టిన కరెంటు పొలానికి చేరిన చోటికే పోదాం. ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా, ఎక్కువగా రాత్రిపూట వచ్చేది. రైతు సగం నిద్రలో లేచి, టార్చి లైటుతో ఒడ్ల మీదుగా నడిచి మోటారు వేయాలి. పాము కరిచిందనో, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటే షాకు కొట్టిందనో వార్త రాని వారం ఉండేది కాదు. అప్పుడు ఆటో స్టార్టరు వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. ఆ చిన్న డబ్బా ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఎవరు లెక్క పెట్టారు? రైతు ఆలోచనను అది మందగింపజేసిందని ఎవరైనా అంటే ఆ మనిషిని ఒక్క రాత్రి, వానాకాలంలో, బాయి కాడికి పంపాలి.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. కరెంటు పోవడమే లేదు గనుక ఆటో స్టార్టరు మోటారును ఆపడమే లేదు. మడి తడిసిందా, నీళ్లు ఒడ్డు దాటి పక్క చేన్లో పారుతున్నాయా, బాయిలో ఊట ఎంత ఉంది, ఇవేవీ దానికి పట్టవు. దానికి తెలిసింది ఒక్కటే, కరెంటు ఉందా లేదా. భూగర్భ జలం అడుగంటుతుందని భయపడి, ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులకు చెప్పాల్సి వచ్చింది. నిన్న ప్రాణం కాచిన డబ్బానే ఇవాళ విప్పి పక్కన పెట్టాలి. డబ్బా మారలేదు. చుట్టూ ఉన్న లోకం మారింది. మారిందని పసిగట్టాల్సిన పని మాత్రం ఎప్పుడూ దానిది కాదు, రైతుది. నీళ్లెంత పారించాలో మబ్బును, మట్టిని, చెరువు కట్ట మీది గుర్తును చూసి చెప్పే నీరటివాళ్లు కాకతీయుల చెరువుల కింద ఊరూరా ఉండేవాళ్లు. తూము ఎత్తడం కండబలంతో అయ్యే పనే, ఎప్పుడు దించాలో తెలియడమే అసలు విద్య. కండబలం పని మోటారు తీసుకుంది, చాలా మంచిది. రెండోది తీసుకోలేదు. తీసుకున్నట్టు మనకు అనిపించింది, అంతే.

భూమి కాగితాల విషయంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయింది, అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. రికార్డు కంప్యూటర్లోకి ఎక్కడం తప్పని ఎవరూ అనరు. లంచాల బాధ పడినవాళ్లు అసలే అనరు. కానీ పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది. పట్టా ఎవరిదైనా, నాగలి ఎవరిదో అందులో ఉండేది. కొత్త తెరలో ఆ గడి లేదు. సర్వే నంబరు తెలుసు, చేను తెలియదు. ఫలానా చింతచెట్టు నుంచి ఫలానా ఒర్రె దాకా ఎవరిదో ఊళ్లో నలుగురు పెద్దమనుషులకు తెలుసు, వాళ్లను అడిగే తోవ లేదు. చివరికి 2025లో భూభారతి చట్టం, ఊళ్లకు మళ్లీ గ్రామ పాలన అధికారులు. అంటే రౌండుకు పోయే మనిషి కావాలని ఐదేళ్ల తర్వాత గుర్తొచ్చిందన్నమాట.

ఈ తరహా వ్యాసాల్లో ఇక్కడికి రాగానే సోక్రటీసును పిలవడం ఆనవాయితీ. రాత వస్తే జ్ఞాపకం పోతుందని ఆయన దిగులుపడ్డాడని రాస్తారు. పాపం, ఆయనను ఈసారికి వదిలేద్దాం. మనకు అంతకంటే మంచి ఉదాహరణ అడవి దారిలోనే ఉంది.

మేడారం వైపు కోయ గూడేల్లో డోలీలని ఉంటారు. కోయల ఇలవేల్పుల కథలు, గట్టుల (వంశాల) పుట్టుపూర్వోత్తరాలు డోలు కొట్టి పాడేవాళ్లు. వాళ్ల దగ్గర పడిగె ఉంటుంది. గుడ్డతో చేసిన పొడవాటి మూడు కోణాల జెండా. దాని మీద వరసగా బొమ్మలు. వేల్పుల పండుగ నాడు దాన్ని విప్పి, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ఆ వంశం కథ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడగలిగిన గొంతు అది. 2024లో ఆయన పోయారు.

ఆ పడిగెను ఓసారి మన మాటల్లో చూడండి. అదీ ఒక పరికరమే. సమాచారం దాచిపెట్టే తెర. గుడ్డ మీది స్మార్ట్‌ఫోన్ అన్నా అనొచ్చు. కానీ దాన్ని గోడకు వేలాడదీసి ఎంతసేపు చూసినా అది ఒక్క మాట చెప్పదు. బొమ్మ కథను చెప్పదు, కథ తెలిసినవాడికి వరస తప్పకుండా అందిస్తుంది. కథ రానివాడి చేతిలో అది రంగులేసిన గుడ్డ. అందుకే డోలీ పిల్లవాడు పడిగెను మోయడం కంటే ముందు తండ్రి పక్కన వంత పాడుతూ ఏళ్లు గడపాలి. జ్ఞాపకానికి పరికరం సాయం చేయడం వేరు, జ్ఞాపకం బదులు పరికరం రావడం వేరు. ఈ తేడాను ఇంత తేటగా చూపించే వస్తువు ఇంకొకటి మాకు తెలియదు.

జనగామ జిల్లా మాణిక్యాపురంలో పుట్టి ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యదీ అదే తోవ. తెల్లవార్లూ సాగే మల్లన్న కథ, ఎల్లమ్మ కథ కాగితం లేకుండా నడుస్తాయి. నోటికొచ్చిన కథ గనుకనే ముందున్న జనాన్ని బట్టి పొడిగించడం, కుదించడం, మధ్యలో ఊరి సర్పంచుకు ఓ చురక వేయడం సాధ్యమవుతుంది. ఇక అవధానం సంగతి సరేసరి. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది దిక్కుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే అవధాని చుట్టుకో పాదం చొప్పున పద్యాలు నడిపిస్తాడు. ఒకరు అక్షరాలను నిషేధిస్తుంటారు, ఒకరు గంటలు కొడుతుంటారు, ఇంకొకరు సందు దొరికితే పెసరట్టు గురించి అడుగుతారు. చివర్లో ధారణ. అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఇందులో పోటీ యంత్రంతో పెడితే యంత్రమే గెలుస్తుంది, సందేహం లేదు. ఆ సభకు మనం వెళ్లేది పద్యాలు తయారవుతాయని కాదు కదా, ఒక మనిషి తలలో అవి తయారవుతుంటే చూడ్డానికి.

ఇప్పుడు బడికి వద్దాం. చదువు గురించి ఇన్ని మాటలు నడుస్తున్న ఈ రోజుల్లో, మా దృష్టిలో గట్టి పరీక్ష అనదగ్గది టర్కీలోని ఒక హైస్కూల్లో జరిగింది. దాదాపు వెయ్యి మంది పిల్లలు. లెక్కల సాధనలో కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు, కొందరికి జవాబు నేరుగా చెప్పకుండా టీచర్లు సిద్ధం చేసిన సూచనలు మాత్రమే ఇచ్చేది ఇచ్చారు, కొందరికి పుస్తకాలు, నోట్సు తప్ప ఏమీ ఇవ్వలేదు. సాధనలో చాట్‌బాట్ ఉన్నవాళ్లు 48 శాతం మెరుగ్గా చేశారు. సూచనలు ఇచ్చేది ఉన్నవాళ్లు ఏకంగా 127 శాతం. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్‌తో నేర్చుకున్నవాళ్లు, అసలు దాన్ని ముట్టనివాళ్ల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. సూచనలతో నేర్చుకున్నవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. మాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఇంకొకటి. వెనకబడ్డ పిల్లలకు తాము వెనకబడ్డామని తెలియలేదు. బాగానే రాశామనుకున్నారు. డ్రమ్ములో నీళ్లు తగ్గాయి, తెర మీద మట్టం బాగానే ఉంది.

మన పిల్లల సంగతికొస్తే, 2024 అసర్ విద్యా సర్వేలో గ్రామాల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76. ఫోను ఇంట్లోకి రావాలా వద్దా అన్న మాటకు కాలం చెల్లింది. మన రాష్ట్రంలోనూ 2025లో కొన్ని జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు వెనకబడిన చిన్నపిల్లలకు కృత్రిమ మేధతో పాఠాలు ప్రయోగాత్మకంగా మొదలయ్యాయి. పంతుళ్లు చాలని చోట, ఒకే గదిలో మూడు తరగతులు నడిచే చోట, పిల్లవాడి స్థాయిని బట్టి ఓపిగ్గా మళ్లీ మళ్లీ అడిగే యంత్రం ఉంటే వద్దనడం కడుపు నిండినవాళ్ల మాట. అది జవాబిస్తోందా, అడుగుతోందా అన్నదొక్కటే చూసుకోవాలి. వారానికోసారి అయినా ట్యాబ్‌లు పక్కన పెట్టి, పలకో కాగితమో ఇచ్చి, ఏమొచ్చిందో ఏం రాలేదో చూసే పంతులు ఉన్నారా అన్నది కూడా. థర్మల్‌లో ఈ పనికి లాగ్‌షీట్ ఉంది, సంతకం ఉంది, అడిగే పెద్దాయన ఉన్నాడు. బడిలో ఎవరి పని ఇది? ఇంట్లో ఎవరిది?

చిల్లర లెక్కల గురించి కూడా ఓ మాట. బజారులో కూరగాయలమ్మే పిల్లలు నోటితో లెక్కలు కట్టేస్తారని మురిసిపోతుంటాం. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశీలన 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. తూకాలు, ధరలు, చిల్లర క్షణంలో తేల్చే ఆ పిల్లలు అదే లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే పోయే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. విద్య ఏ దారిలో రోజూ నడుస్తుందో ఆ దారినే ఎరుగుతుంది కాబోలు. పక్క దారికి తీసుకెళ్లాలంటే ఎవరో చేయి పట్టుకుని నడిపించాలి.

ఇవన్నీ మాట్లాడుకుంటూనే ఆ పొద్దు చెల్పూరు హోటల్లో మేము ఇడ్లీ తిన్నాం. రెండు ప్లేట్లు, ప్లేటు ముప్పై ఐదు. చాయ్ పది. హోటలాయన పొయ్యి ముందు, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో గ్లాసులు కడుగుతూ. అప్పటికే బెంచీల మీద పది మంది దాకా ఉన్నారు. ఎవరు ఏం తిన్నారో రాసుకునే పుస్తకం ఎక్కడా లేదు. గల్లా మీద ఫోన్‌పే డబ్బా, దానికి చుట్టూ కుంకుమ బొట్లు. స్కాన్ చేసి డబ్బులు పంపాం. డబ్బా గట్టిగా, చక్కటి తెలుగులో, తొంభై రూపాయలు అందాయని అరిచింది. సరిగ్గానే అరిచింది, మేము పంపింది తొంభయ్యే.

ఆయన వెనక్కి తిరగలేదు. గరిటె ఆగలేదు.

‘‘ఇంకో చాయ్ మరిచిండ్రు సార్.’’

మిత్రుడు మా వంక చూశాడు. రెండో చాయ్ తాగింది మేమే.